శ్రమకాలంలో సృష్టి సంరక్షణ: నలభై రోజులు ఇంట్లో, చర్చిలో ఏం చేయాలి, ఎలా చేయాలి

ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల శ్రమకాలం (లెంట్) వస్తోందంటే మన ఇళ్ళలో మొదట వచ్చే ప్రశ్న "ఈసారి ఏం మానేస్తున్నారు?" అనే. ఒకరు మాంసం, ఒకరు టీ, ఒకరు సెల్‌ఫోను. మానడం మంచిదే. అయితే యెషయా 58వ అధ్యాయం ఉపవాసాన్ని అక్కడితో ఆపదు. నువ్వు తినకుండా ఉంచిన ఆహారం ఆకలిగొన్నవాడికి చేరిందా అని అడుగుతుంది. సృష్టి విషయంలోనూ అదే అడగాలి. వాడకుండా మిగిల్చిన నీళ్ళు ఏ చెట్టు పాదిలోకి వెళ్ళాయి? వండకుండా ఉంచిన బియ్యం ఎవరింట్లో ఉడికాయి? తగ్గిన ఖర్చు ఏ కవరులో పడింది? కింద చెప్పే ప్రతి పనికీ ఈ రెండో సగం ఉంటుంది. అది లేకపోతే మిగిలేది పొదుపు మాత్రమే, ఉపవాసం కాదు.

2008లో బ్రిటన్‌లో లివర్‌పూల్, లండన్ బిషప్పులు టియర్‌ఫండ్ అనే క్రైస్తవ సహాయ సంస్థతో కలిసి శ్రమకాలంలో "కార్బన్ ఉపవాసం", అంటే గాలిలోకి వదిలే కార్బన్‌ను తగ్గించుకోవడం, చేయమని పిలుపునిచ్చారు. రోజుకో చిన్న పని చొప్పున నలభై పనులు. అప్పటి నుంచి ఆ తరహా జాబితాలు చాలా వచ్చాయి. మన ఇళ్ళలో అవి మొదటి వారం దాటి సాగడం కష్టం. ఈ రోజు బల్బు, రేపు నీళ్ళు, ఎల్లుండి సంచి అంటూ రోజూ పని మారిపోతే ఏదీ అలవాటుగా నిలవదు. అందుకే ఇక్కడ తక్కువ పనులే చెబుతున్నాం. అందులోనూ ఒక కుటుంబం మూడింటికి మించి పెట్టుకోవద్దు: వంటింటిది ఒకటి, నీళ్ళది ఒకటి, చర్చితో కలిసి చేసేది ఒకటి. మూడింటినీ ఒక అట్టముక్క మీద రాసి, కుటుంబ ప్రార్థన చేసుకునే చోట గోడకు తగిలించండి. శ్రమకాలం పాటించని సంఘాలవాళ్ళు నలభై రోజుల ఉపవాస ప్రార్థనలు పెట్టుకున్నప్పుడు ఇదే క్రమం వాడుకోవచ్చు.

తేదీలు ముందే చూసుకోండి. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా 46 రోజులు వస్తాయి. అందులో ఆరు ఆదివారాలు తీసేస్తే నలభై. 2027లో భస్మ బుధవారం ఫిబ్రవరి 10న, ఈస్టర్ మార్చి 28న వస్తున్నాయి. అంటే ఆకులు రాలే కాలం, చింతపండు దులిపే కాలం, ఎండలు ముదరడం మొదలయ్యే కాలం అన్నీ శ్రమకాలంలోనే పడతాయి. మన నేలకు ఇది చాలా కలిసివచ్చే విషయం.

ముందు వారం: కొలిచి రాసుకోవడం

కొలవకుండా మొదలుపెడితే ఏం తగ్గిందో ఎప్పటికీ తెలియదు. మూడే కొలతలు తీసుకోండి.

భస్మ బుధవారం ఉదయం కరెంటు మీటరు రీడింగు ఫోటో తీయండి, ఈస్టర్ ముందు శనివారం మళ్ళీ తీయండి. వచ్చిన యూనిట్లను జనవరి బిల్లుతో పోల్చవద్దు. ఎండలు పెరిగేకొద్దీ ఫ్యాన్లు, కూలర్లు ఎక్కువసేపు తిరుగుతాయి కాబట్టి మీరెంత జాగ్రత్త పడినా జనవరి కంటే ఎక్కువే వస్తుంది, నిరుత్సాహం తప్ప ఏమీ మిగలదు. నిరుడు ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ బిల్లులు తీసి వాటితో పోల్చండి. గ్యాస్ బండ బిగించిన తేదీని మార్కర్‌తో బండ మీదే రాయండి. 14.2 కిలోల బండ ఒకటి పూర్తిగా కాలితే 42 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. బండ అయిదు రోజులు ఎక్కువ వచ్చిందంటే అది కంటికి కనిపించే ఫలితం. ఇక మూడోది తడి చెత్త. మూడు రోజులు వరసగా సంచిలో వేసి కూరగాయల కాటా మీద తూచండి. అందులో వండి పారేసిన అన్నం, కూర ఎంతో విడిగా తూస్తే ఇంకా మంచిది. ఆ అంకె చూశాక మాటలతో పని ఉండదు.

భస్మం తయారీ

భస్మ బుధవారం ఆరాధనలో నుదుట పెట్టే బూడిద గురించి ఇది, పాస్టరుగారికి, సంఘ పెద్దలకు. నిరుటి మట్టల ఆదివారం (ఈస్టర్‌కు ముందు ఆదివారం) ఆకులనే కాల్చి భస్మం చేయడం పాత ఆచారం, ఎక్కడా కొనాల్సిన పని లేదు. ఎండిన ఆకులకు రిబ్బన్లు, దారాలు, పిన్నులు ఉంటే తీసేయండి. చిన్న ముక్కలుగా తుంచి ఇనప మూకుడులో, ఆరుబయట, గాలి తక్కువగా ఉన్నప్పుడు కాల్చండి. కాగితం, కిరోసిన్ కలపవద్దు. చల్లారాక చేత్తో నలిపి పలుచటి నూలుగుడ్డలో జల్లించండి. కొద్ది ఆకులతో వచ్చే బూడిదే మామూలు సంఘానికి సరిపోతుంది.

ఒక్క జాగ్రత్త: బూడిదలో నీళ్ళు కలపకూడదు. ఆకు బూడిదలో క్షారం ఉంటుంది, తడి తగిలితే అది ఘాటెక్కి నుదురు మండుతుంది, చర్మం పొక్కే ప్రమాదం కూడా ఉంది. పొడిగానే పెట్టండి. అంటుకోవడం లేదనుకుంటే నాలుగు చుక్కల కొబ్బరినూనె చాలు. ఇక చర్చి ఆవరణలో వేప, రావి, కానుగ ఆకులు ఊడ్చి కాల్చడం ఈ రోజుతో ఆపేయండి. వాటి అవసరం రేపటి నుంచే ఉంది.

తడి చెత్త నుంచి ఎరువు

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎండుటాకులకు కొదవ ఉండదు. ఎరువుకు కావలసిన వాటిలో పట్నాల్లో దొరకనిది అదొక్కటే. అందుకే శ్రమకాలం దీనికి సరైన సమయం. ఆదివారం ఆరాధన అయ్యాక యూత్ పిల్లలు ఆవరణలో ఆకులు గోనె సంచుల్లోకి ఎత్తి, కావలసిన ఇళ్ళవాళ్ళకు తలా ఒక సంచి ఇస్తే సరిపోతుంది.

కావలసినవి: మూతలున్న 20 లీటర్ల పాత పెయింటు బకెట్లు మూడు, ఎండుటాకులు, పుల్లటి మజ్జిగ ఒక గ్లాసు. నలుగురున్న ఇంట్లో ఒక బకెట్ పది పన్నెండు రోజుల్లో నిండుతుంది. ఒకే బకెట్‌తో మొదలుపెట్టినవాళ్ళు రెండో వారంలోనే ఆపేసేది అందుకే. మూడు ఉంటే నలభై రోజులు గడుస్తాయి. మూడోది నిండేసరికి మొదటిది సగానికి కుంగి ఉంటుంది.

1. బకెట్ పక్కల చుట్టూ పన్నెండు, అడుగున అయిదు రంధ్రాలు పెన్సిల్ పట్టేంత వెడల్పుగా చేయండి. ఇటుకల మీద పెట్టి కింద ఒక పళ్ళెం ఉంచండి.

2. అడుగున మూడంగుళాల మందాన కొబ్బరి పీచు, దాని మీద నలిపిన ఎండుటాకులు పరవండి.

3. రోజూ రాత్రి కూరగాయల తొక్కలు, టీ పొడి, పండ్ల తొక్కలు అంగుళం ముక్కలుగా తుంచి వేయండి. వాటికి రెట్టింపు ఎండుటాకులు నలిపి పైన కప్పండి. చెత్త కంటికి కనిపించకూడదు, అదే గుర్తు.

4. మొదటి రోజు మజ్జిగ చల్లండి. మూడు రోజులకోసారి కర్రతో అడుగు నుంచి కలపండి.

5. నిండిన బకెట్‌ను మూత పెట్టి నీడలో ఉంచండి. వారానికోసారి కలుపుతూ నెలన్నర నుంచి రెండు నెలలు ఆగండి.

మాంసం, ఎముకలు, నూనె కూరలు, పాలు వేయవద్దు, ఎలుకలు వస్తాయి. నిమ్మ, బత్తాయి తొక్కలు కొద్దిగా అయితే పరవాలేదు. ఇక ఇబ్బందులు. కుళ్ళు వాసన వస్తే తడి ఎక్కువైందని అర్థం. రెండు దోసిళ్ళ ఎండుటాకులు వేసి బాగా కలిపితే రెండు రోజుల్లో పోతుంది. చీమలు పట్టాయంటే మరీ ఎండిపోయింది. మార్చి రెండో వారం దాటాక మన దగ్గర ఎక్కువగా వచ్చే ఇబ్బంది ఇదే, తడి ఎక్కువవడం కాదు. పిడికెడు తీసి గట్టిగా పిసికితే పిండి ఆరేయబోయే బట్టలా చేతికి తేమ తగలాలి, నీళ్ళు కారకూడదు. లావు పురుగులు తెల్లగా కనిపిస్తే చాలామంది భయపడి అంతా పారబోస్తారు. అవి నల్ల ఈగ జాతి పురుగులు, హాని చేయవు, చెత్తను వేగంగా తినేస్తాయి. వాటిని చూడలేకపోతే పైన ఆకులు మందంగా కప్పండి.

ఈ ఎరువు ఈస్టర్ నాటికి తయారైపోతుందని పిల్లలకు మాట ఇవ్వకండి. మొదటి బకెట్‌కు కూడా ఏప్రిల్ రావాలి. దాని పని జులైలో ఉంది, చివర్లో చెబుతాం.

బియ్యం: పిడికెడు తీసి పెట్టడం

మన తల్లులకు తెలిసిన పద్ధతి ఇది. అన్నానికి ఎసరు పెట్టేముందు బియ్యంలోంచి పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసి, స్త్రీల సమాజం కూడికకు పట్టుకెళ్ళేవాళ్ళు. చాలా సంఘాల్లో ఇప్పటికీ ఉంది. అయితే కొన్ని ఇళ్ళలో వండే బియ్యం అంతే ఉండి, పిడికెడు మాత్రం బస్తాలోంచి వేరేగా తీస్తున్నారు. కానుక చేరుతుంది, వృథా మాత్రం తగ్గదు. వండే కొలతలోంచే తీయండి.

కొలత ఎలా? పెద్దవాళ్ళకు పూటకు 100 నుంచి 120 గ్రాముల బియ్యం, పదేళ్ళలోపు పిల్లలకు అందులో సగం. ఇంట్లో గ్లాసును ఒకసారి కాటా మీద తూచి, ఆ బరువు గ్లాసు మీదే గీత గీసి పెట్టండి. పిడికెడు అంటే 40, 50 గ్రాములు వస్తుంది. రోజుకొక పిడికెడు చొప్పున నలభై రోజులకు దాదాపు రెండు కిలోలు. అరవై కుటుంబాలున్న సంఘంలో 120 కిలోలు అవుతాయి. వాటిని ఈస్టర్ దాకా మూటకట్టి ఉంచితే పురుగు పడుతుంది. ప్రతి శుక్రవారం కూడికలో పోగుచేసి, ఎవరింటికి చేరాలో ముందే ఖాయం చేసుకున్న కుటుంబాలకు ఆ ఆదివారమే అందించండి. తీసుకునేవాళ్ళ పేర్లు పల్పిటు మీద నుంచి చదవవద్దు.

ఉపవాసం ఉండేవాళ్ళు సాయంత్రం విడిచేటప్పుడు ఎక్కువ వండుతారు. పగలంతా ఆకలితో ఉన్న కళ్ళకు ఏదీ సరిపోయినట్టు అనిపించదు. మిగిలి పారబోస్తున్నది ఎక్కువగా ఆ పూటే. ముందు నీళ్ళు, ఒక పండు తీసుకుని, ప్రార్థన చేసుకుని, తర్వాత వడ్డించుకోండి. ఉపవాస దినాల్లో ఒక పూట అన్నం బదులు జొన్నరొట్టె గాని రాగి సంకటి గాని పెట్టుకుంటే ఇంకో మేలు. కిలో బియ్యం పండటానికి వేల లీటర్ల నీళ్ళు పడతాయి, జొన్న, రాగి చాలా తక్కువ నీటితో, వానతోనే పండుతాయి. అయిదు వేలమంది తిన్న తర్వాత కూడా ఏమీ పాడుకాకుండా మిగిలిన ముక్కలు పోగుచేయమని ప్రభువు చెప్పాడని యోహాను 6:12లో ఉంది. ఆ వచనాన్ని వంటింటి తలుపు మీద రాసుకోవచ్చు.

శుక్రవారం నీళ్ళ పని

శుక్రవారం ఉపవాస ప్రార్థన రోజు. దోమల నివారణకు శుక్రవారాన్ని డ్రై డేగా పాటించమని ఆరోగ్యశాఖవాళ్ళు చెప్పేదీ ఆ రోజే. రెండూ కలిపేయండి. ప్రార్థనకు బయలుదేరేముందు కూలరు తొట్టె, పూలకుండీల కింది పళ్ళేలు, ఫ్రిజ్ వెనక ట్రే, పక్షులకు పెట్టిన మూకుళ్ళు వంచి, రుద్ది, ఎండబెట్టండి. దోమ గుడ్డు పెట్టిన దగ్గర నుంచి ఎగరడానికి ఎనిమిది నుంచి పది రోజులు పడుతుంది. వారానికోసారి వంచితే ఆ లెక్క తప్పుతుంది. గుడ్లు అంచులకు అంటుకుని ఉంటాయి కాబట్టి వంచితే చాలదు, పీచుతో రుద్దాలి.

ఇంట్లో నీళ్ళు ఎక్కువ పోయేది రెండు చోట్ల. ఆర్‌ఓ యంత్రం ఒక లీటరు మంచినీళ్ళిచ్చి రెండు మూడు లీటర్లు గొట్టంలోంచి వదిలేస్తుంది. ఆ గొట్టాన్ని బకెట్‌లోకి మళ్ళించి ఇల్లు తుడవడానికి, బాత్రూముకు వాడండి. బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువున్న ఊళ్ళలో ఆ నీళ్ళు మొక్కలకు రోజూ పోయవద్దు, ఆకుల అంచులు మాడతాయి. రెండోది కారే కుళాయి. ఒక రాత్రి కింద బకెట్ పెట్టి చూడండి, వాషరు మార్చడానికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

మిగిల్చిన నీళ్ళు వెళ్ళాల్సిన చోటు నిరుడు వానల్లో నాటిన మొక్క. ఈస్టర్ రోజు మొక్కలు నాటే కార్యక్రమాలు పెట్టవద్దని గట్టిగా చెబుతాం. మార్చి, ఏప్రిల్ ఎండల్లో నాటిన మొక్క ఫోటోలో బాగుంటుంది, మే నెలకు కర్రపుల్ల అవుతుంది. ఈ కాలంలో మన పని నాటడం కాదు, నాటినవాటిని బతికించడం. ఏదెను తోటను సేద్యపరచడానికీ కాయడానికీ నరుణ్ణి అందులో ఉంచాడని ఆదికాండము 2:15 చెబుతుంది. కాయడం అంటే ఈ వేసవి పనే.

అందుకు కుండ పద్ధతి పెట్టండి. రంగు వేయని అయిదారు లీటర్ల మట్టికుండ అడుగున మేకుతో సన్నటి రంధ్రం చేసి, పాత నూలుగుడ్డ పీలికను అందులో బిగించండి, జానెడు బయటికి వేలాడాలి. మొక్కకు అడుగు దూరంలో చేతిపారతో మెల్లగా, వేళ్ళు తెగకుండా గుంట తీసి కుండను మెడదాకా పాతండి. నీళ్ళు నింపి మూత పెట్టండి. మూత లేకపోతే దోమలు, కప్పలు చేరతాయి. మూడు నాలుగు రోజులకోసారి నింపితే చాలు. ఒక్కరోజులోనే ఖాళీ అవుతుంటే రంధ్రం పెద్దదైంది, ఇంకో పీలిక బిగించండి. వారమైనా తగ్గకపోతే పీలిక మరీ బిగుసుకుంది. పాదిలో మూడంగుళాల మందాన ఎండుటాకులు కప్పండి, కాండం చుట్టూ మాత్రం బెత్తెడు ఖాళీ వదలండి. ఆనుకుని ఉంటే బెరడు కుళ్ళి చెదలు పడతాయి.

చర్చి గేటు దగ్గర చలివేంద్రం పెట్టేవాళ్ళకు రెండు మాటలు. ప్లాస్టిక్ ప్యాకెట్లు పంచితే సాయంత్రానికి రోడ్డంతా అవే. మూడు పెద్ద కుండలు ఇసుక మీద, నీడలో పెట్టండి. కొత్త కుండను ఒక రోజంతా నీళ్ళలో నాననిచ్చి వాడండి. పొడుగు కాడ గరిటెతోనే నీళ్ళు తీయాలి, గ్లాసు ముంచకూడదు. కుండను రోజూ పీచుతో రుద్ది కడగాలి, సబ్బు వద్దు, మట్టి పీల్చుకుంటుంది. రోజుకో కుటుంబం చొప్పున వంతులు రాసి గేటు లోపల తగిలించండి. వంతులు రాయని చలివేంద్రం వారం దాటితే ఖాళీ కుండలే మిగులుతాయి.

చింతగింజలు, పాల కవర్లు

ఇది సండే స్కూలు పిల్లల పని. ఫిబ్రవరి, మార్చిలో ఇళ్ళల్లో చింతపండు గింజ తీస్తారు. బొద్దుగా, పురుగు రంధ్రం లేని గింజలు ఏరి 24 గంటలు నీళ్ళలో నానబెట్టండి. తేలినవి పారేయండి. అర లీటరు పాల కవర్లను పైన మొత్తం కత్తిరించి, కడిగి, అడుగు మూలలు రెండూ కొంచెం కోయండి. మట్టి రెండు వంతులు, ఇసుక ఒక వంతు, పశువుల ఎరువు ఒక వంతు కలిపి నింపి, ఒక్కో దానిలో రెండు గింజలు వేలి మొదటి కణుపు లోతున నాటండి. రోజూ కొద్దిగా తడపాలి. వారం నుంచి రెండు వారాల్లో మొలకలొస్తాయి. రెండూ మొలిస్తే బలమైనది ఉంచండి. మట్టలనీడలో గాని వేపచెట్టు కింద గాని ఉంచాలి. మిట్టమధ్యాహ్నం ఎండ నేరుగా పడితే కవరులో మట్టి ఉడికి లేత వేళ్ళు మాడతాయి. గోధుమగింజ భూమిలో పడి చావకపోతే అన్న యోహాను 12:24 పాఠం చెప్పడానికి, మొలక బయటికొచ్చిన ఆదివారానికి మించిన రోజు లేదు.

కూడికలు, ఫ్లెక్సీలు, గిన్నెలు

శ్రమకాలపు కూడికలకు సంవత్సరం, తేదీలు వేసి ఫ్లెక్సీ కొట్టిస్తే మర్నాటికి చెత్త. నూలుగుడ్డ మీద "శ్రమకాల ధ్యానాలు" అని, చర్చి పేరు మాత్రమే రాయించండి, పదేళ్ళు వస్తుంది. తేదీలు పక్కన నల్లబల్ల మీద. ప్లాస్టిక్ గ్లాసులు, పళ్ళేలు, స్పూన్లు, 100 మైక్రాన్లకంటే పలుచటి పీవీసీ బ్యానర్లు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. కాగితం గ్లాసు దానికి మారు అనుకోవద్దు, లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది.

ప్రభు సంస్కారానికి ఒక్కసారి వాడి పారేసే చిన్న ప్లాస్టిక్ కప్పులు తెస్తున్న సంఘాలు గాజువి గాని స్టీలువి గాని కొనుక్కోండి. ఆరాధన అయిన వెంటనే నీళ్ళలో వేయాలి, ద్రాక్షరసం ఎండితే మరక వదలదు. కడిగి, పది నిమిషాలు మరిగే నీళ్ళలో ఉంచి, తెల్లటి గుడ్డ మీద బోర్లించి ఆరనివ్వండి.

ఇళ్ళల్లో పెట్టే కూడికలకు వీధుల వరసలో క్రమం వేస్తే అందరూ నడిచి రావచ్చు. ఇరవై మంది కూర్చునే గదిలో మైకు అక్కర్లేదు. శబ్దం కూడా గాలిలో కలిపే కాలుష్యమే. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధనకూ అది వర్తిస్తుంది. సమాధుల తోటలో ఆ వేళ గొంతులతోనే పాడండి, పాట వినబడుతుంది.

మట్టల ఆదివారం

ఏటా ఈత, కొబ్బరి మట్టలు బండ్లకొద్దీ నరుకుతారు, ఆరాధన అయ్యాక అవి కాలవలో ఉంటాయి. ఒక పెద్ద కొబ్బరిమట్టకు రెండు వందలకు పైగా రెక్కలుంటాయి. మనిషికో రెక్క చొప్పున విడదీస్తే రెండు వందలమందికి ఒక్క మట్ట చాలు. ఊరేగింపులో ఎత్తి పట్టుకోవడానికి పెద్దవి కావాలంటే అయిదారు మట్టలు ముందు నడిచే పిల్లలకు ఇవ్వండి. కోసేటప్పుడు ముదురు మట్టలు, కింది వరసవి మాత్రమే తీయాలి. నడినెత్తిన నిటారుగా ఉండే లేత మొవ్వు ముట్టుకోవద్దు. కొబ్బరికి, ఈతకు, తాటికి ఎదిగే మొగ్గ అదొక్కటే, అది తెగితే చెట్టు చస్తుంది. ఈతచెట్టు నుంచి రెండు మూడు మట్టలకు మించి కోయవద్దు. కల్లు గీసేవాళ్ళను అడగకుండా అసలు కోయవద్దు, వాళ్ళ బతుకు ఆ చెట్టు మీదే ఉంది.

శనివారం సాయంత్రం కోసి, రెక్కలు విడదీసి, తడిపిన గోనెలో చుట్టి ఉంచండి. లేకపోతే ఉదయానికి వాడి ముడుచుకుంటాయి, సిలువలు మడవడానికి వీలవదు. అయ్యాక పిల్లలతో ఏరించి, కట్టలు కట్టి, వెస్ట్రీలో (చర్చి పక్కగదిలో) గాలి తగిలే చోట వేలాడదీయండి. మూటగట్టి పెడితే బూజు పడుతుంది.

మంచి శుక్రవారం అంబలి

సిలువ మీద ఏడు మాటల ధ్యానం 12 గంటలకు మొదలై 3కు ముగుస్తుంది. చాలామంది ఉపవాసంతో ఉంటారు, ఎండ మండిపోతుంటుంది. బిర్యానీ పొట్లాలు, ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు ఆ రోజుకు తగవు. వందమందికి తలా పావు లీటరు అంబలి లెక్క ఇది:

రాగిపిండి కిలోన్నర, నూకలు కిలో, పెరుగు రెండు కిలోలు, ఉప్పు 150 గ్రాములు, ఉల్లిపాయలు రెండు కిలోలు, పచ్చిమిరపకాయలు పావుకిలో, 40 లీటర్ల గిన్నె.

ముందుగా రాగిపిండిని 5 లీటర్ల చల్లటి నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి పెట్టండి. పొడిపిండిని మరిగే నీళ్ళలో వేస్తే ఉండలు కడుతుంది, తర్వాత ఎంత తిప్పినా విడిపోదు. 12 లీటర్ల నీళ్ళు మరిగించి నూకలు మెత్తగా ఉడకనివ్వండి, పావుగంట పైన పడుతుంది. మంట తగ్గించి, ఒకరు పిండినీళ్ళు పోస్తుంటే ఇంకొకరు అడుగంటకుండా తిప్పుతూ పన్నెండు నిమిషాలు ఉడికించండి. పచ్చివాసన పోయి రంగు ముదిరితే దించేయవచ్చు. ఇది ఉదయం 10 గంటలకే అయిపోవాలి, చల్లారడానికి సమయం పడుతుంది. వేడి మీద పెరుగు పోస్తే విరుగుతుంది. పూర్తిగా చల్లారాక పెరుగును 6 లీటర్ల తాగే నీళ్ళతో చిలికి, ఉప్పుతో కలపండి. రెండున్నరకు కలిపితే మూడింటికి పులవకుండా ఉంటుంది.

గ్లాసు ఎవరిది వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకోవాలని ముందు రెండు ఆదివారాలు ప్రకటన చేయండి. మరిచిపోయినవాళ్ళకు ముప్పై స్టీలు గ్లాసులు సిద్ధంగా ఉంచండి. మూడు తొట్లు పెట్టండి: నానబెట్టేది, కుంకుడు రసంది, మంచినీళ్ళది. రాగి ఎండితే గ్లాసుకు పట్టుకుంటుంది, తాగగానే మొదటి తొట్టిలో వేయించండి. ఆ నీళ్ళు చెట్ల పాదుల్లోకి.

సమాధుల తోట

ఈస్టర్‌కు ముందు వారం శుభ్రం చేస్తారు. కలుపుమందు కొట్టవద్దు, ఎండుగడ్డికి నిప్పు పెట్టవద్దు. మార్చి గాలికి ఆ నిప్పు పక్క పొలాల్లోకి పోతుంది, లోపల నిరుటి మొక్కలూ కాలిపోతాయి. కొడవళ్ళతో కోసి పాదుల మీద కప్పండి. సమాధులకు ఎనామిల్ రంగు బదులు సున్నం వేయవచ్చు. రాతిసున్నాన్ని నీళ్ళున్న పాత్రలో కొద్దికొద్దిగా వేయాలి, సున్నం మీద నీళ్ళు పోస్తే చిమ్మి కళ్ళలో పడుతుంది. పిల్లల్ని దూరంగా ఉంచండి. రాత్రంతా మగ్గనిచ్చి, వడకట్టి, పాలంత పలుచగా, కొద్దిగా తుమ్మబంక కలిపి రెండు పూతలు వేయండి. మొదటిది ఆరాకే రెండోది.

ప్లాస్టిక్ పూలదండలు వేయకుండా బంతి, చామంతి తెచ్చుకోండి. కొవ్వొత్తిని రాయి మీద నేరుగా అంటించకుండా మట్టి ప్రమిదలో పెట్టండి. శాశ్వతంగా పూలు కావాలంటే దేవగన్నేరు కొమ్మలు అడుగు పొడవున కోసి, పాలు ఆరిపోయేలా వారం పది రోజులు నీడలో ఉంచి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చండి. తడికొమ్మ గుచ్చితే కుళ్ళుతుంది.

ఈస్టర్ తర్వాత

ఈస్టర్ ముందు శనివారం మీటరు, గ్యాస్, చెత్త లెక్కలు మూడూ చూసి, ఎంత డబ్బు మిగిలిందో ఆ మొత్తం శ్రమకాల కానుక కవరులో వేయండి. సంఘం ఆ డబ్బును మామూలు ఖాతాలో కలిపేయకుండా కుండలకు, కంచెలకు, ఆకలితో ఉన్న ఇళ్ళకు అని విడిగా రాసి, ఖర్చు చేశాక లెక్క చదవాలి. మానింది ఎక్కడికి వెళ్ళిందో ఇచ్చినవాళ్ళకు తెలియాలి.

చింతమొక్కలు జులైకి జానెడున్నర ఎదుగుతాయి. మృగశిర దాటి, రెండు మంచి వానలు పడి, నేల జానెడు లోతు తడిశాక నాటండి. గుంట అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు ఉండాలి. అందులో రెండు కిలోల ఎరువు, శ్రమకాలపు బకెట్లలోదే, పైమట్టితో కలిపి వేయండి. చింత మహావృక్షం, చర్చి గోడకూ సమాధులకూ కనీసం 30 అడుగుల దూరం కావాలి. అంత జాగా లేని సంఘాలు ఊరి చెరువుగట్టుకో బడికో పంచాయతీని అడిగి ఇవ్వండి. సాయంత్రం పూట నాటాలి. పాల కవరును పూర్తిగా చీల్చి తీసేయాలి, మట్టిగడ్డ విరగకూడదు. కవరుతో సహా పాతిన మొక్క వేరు చుట్టుకుపోయి రెండో ఏడు చస్తుంది. చుట్టూ తుమ్మకంప కట్టండి. నీళ్ళ కుండను కూడా అదే రోజు, అదే గుంటకు అడుగు దూరంలో పాతేయండి. మళ్ళీ శ్రమకాలం వచ్చాక తవ్వితే అప్పటికి పాకిన వేళ్ళు తెగుతాయి.